అరువు వేళ్ళు

పదిన్నరకల్లా పింఛన్లిచ్చే వయోనిధి ఆఫీసు కిటికీలో హైమవతి నాలుగు వందల జతకాని చందాలకు ‘సరే’ కొట్టింది. వేలిముద్ర ఒకరిది, ఒళ్ళు వంచింది మరొకరు. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయిన మనిషి నిన్న రొయ్యల తొట్టెల దగ్గర పద్నాలుగు గంటలు పనిచేసినట్టు తెర చూపిస్తోంది. వయోనిధికి అందులో అనుమానమేమీ రాదు. కూలిలో పదోవంతు కోసుకుని మెరకగడ్డ పౌరుల పింఛన్లలో కలిపేసుకుంటుంది. అనుమానమంతా ఆ డబ్బు తిరిగి అడిగినవాళ్ళ మీదే. పదిహేనేళ్ళుగా ఈ తతంగం చూసి చూసి హైమవతికి విసుగెత్తిపోయింది.

సముద్రం పల్లాన్ని మింగాక పడవల్లో వచ్చినవాళ్ళకు ఇక్కడ, మెరకగడ్డలో, పని దొరికింది. పౌరసత్వ పత్రాలు మాత్రం దొరకలేదు.

కిటికీ దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. మోకాళ్ళు నిలవనివ్వక బల్ల అంచు పట్టుకుంది.

“ఇరవయ్యెనిమిదేళ్ళు రొయ్యలు ఒలిచానండి. ఇంక నావల్ల కావట్లేదండి. పింఛను ఇప్పించండమ్మా.”

“ఏ పేరు మీద చేశారు?”

ఆవిడ కొంగుముడి విప్పి, తొమ్మిది పల్చటి రబ్బరు వేలి తొడుగులు బల్లమీద వరసగా పరిచింది. ఒక్కోదాని మీద ఒక్కో పౌరుడి వేలిముద్ర అచ్చు ఉంది. పల్లంవాళ్ళు ఒక అరువు వేలు అరిగిపోతే ఇంకోటి కొనుక్కుంటారు. పాతదాన్ని పారెయ్యరు, పనిచేసినందుకు రుజువని దాచుకుంటారు.

“అన్నీ నాయేనండి. ఒక్కటీ పోగొట్టలేదు.”

హైమవతికి ఒళ్ళు మండింది. ఒక్కో తొడుగూ ఒక్కో నేరమని ఈ పిచ్చితల్లికి ఎవరూ చెప్పలేదు. ఆమె చేయి అడ్డం పెట్టేలోపే బల్లలోని యంత్రం వాటిని చదివేసి తెర మీద చూపించింది. ‘హక్కుదారు లేరు. సరిహద్దు పడవకు అప్పగించు.’ దాని కింద ఇంకో మీట ఉంది, ‘వాపసు’. హక్కుదారు లేని సొమ్ము నిధిలో ఉండరాదని, అది తేలేదాకా మనిషిని పడవ ఎక్కించరాదని నిబంధన మొదటినుంచీ ఉంది. ఆ మీట నొక్కినవాళ్ళే లేరు.

హైమవతి నొక్కింది.

జతకాని చందాలన్నీ ఒకే పద్దులో ఉంటాయి, పౌరుల పింఛన్లు వెళ్ళేదీ అందులోంచే. ఆ పద్దు మొత్తం మూతపడింది. పక్క కిటికీల్లో పింఛన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పై అధికారి సదానందం పరుగెత్తుకొచ్చాడు.

“ఏం చేశావమ్మా? అవతల జనం అరుస్తున్నారు.”

“లేని మనిషి డబ్బు మనకెందుకు సార్? తిరిగిచ్చేస్తున్నాను.”

“ముందు రద్దు చెయ్యి. ఉద్యోగం పోతుంది నీకు.”

“తెలుసు సార్.”

తెర గ్రహీత పేరు అడుగుతోంది. హైమవతి ముసలావిడ వైపు తిరిగింది.

“మీ పేరు చెప్పండమ్మా.”

“వీటిల్లో ఏది చెప్పమంటారండి?”

“ఇవేవీ కావు. మీ సొంత పేరు.”

ఆవిడ తొడుగులను ఒక్కొక్కటే పక్కకు జరిపింది. సదానందం రద్దు మీట కోసం చేయి చాపాడు. హైమవతి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“మంగాయమ్మండి,” అంది ఆవిడ చివరికి. “ఇంటిపేరు కూడా రాస్తారా అండి?”