హెడ్విగ్ చివరి కడ్డీ

అమెరికాలోని డులూత్‌లో ఆ మధ్యాహ్నం మంచు తీరిగ్గా కురుస్తోంది. మట్టి పని నేర్పిన హెడ్విగ్ ఈమధ్యే పోయింది. ఆవిడ నేలమాళిగ సర్దడానికి శిష్యురాళ్లు మార్లిస్, వెర్నా వచ్చారు. ఇద్దరూ చిన్ననాటి నేస్తాలు, అరవై దాటినవాళ్లు.

కిందంతా కాల్చిన పాలిమర్ మట్టి వాసన, ప్లాస్టిక్ కాలినట్టు. అరల నిండా రంగురంగుల కడ్డీలు. రంగు మట్టి పోగులు పేర్చి, అదిమి, సాగదీసినవి. ఎక్కడ కోసినా లోపల ఒకటే బొమ్మ. పువ్వయితే పువ్వే, చేపయితే చేపే.

బల్ల మీద ఒక కడ్డీ విడిగా ఉంది. మార్లిస్ పట్టుకు చూసింది. అంత చలిలోనూ వెచ్చగా, మెత్తగా ఉంది.

"కొయ్యవే. ముసల్ది మనకి చూపించకుండా ఏం దాచిందో చూద్దాం," అంది వెర్నా.

మార్లిస్ బ్లేడుతో పల్చటి బిళ్ల కోసింది. లోపల ఇదే గది! బల్ల, అరలు, మెట్లు, పైన తెరిచిన తలుపు.

"అబ్బ, ఏం పనితనమే!"

ఇంకో బిళ్ల కోస్తే, అందులో తలుపు ఓరగా ఉంది.

"ఇలా మారకూడదే..." అంటూనే మరోటి కోసింది మార్లిస్. అందులో తలుపు మూసుకుపోయింది.

పైన దభీమని చప్పుడైంది.

ఇద్దరూ మెట్లెక్కి తోశారు, గుద్దారు, భుజాలతో నెట్టారు. తలుపు గోడలా ఉంది. ఫోన్లేమో పైన విప్పేసిన కోటు జేబుల్లో ఉండిపోయాయి. ఉన్న ఒక్క చిన్న కిటికీనీ మంచు కప్పేస్తోంది. పొయ్యి వెలిగించకుండానే కాలిన వాసన ముదిరింది...

"ఇంకోటి కొయ్యి," వెర్నా గుసగుసలాడింది. "తెరుచుకునే బిళ్ల కూడా ఉంటుందేమో..."

"వద్దే. నాకు భయమేస్తోంది."

"మరి ఇక్కడే చద్దామా?"

కోసింది. తలుపు మూసే ఉంది. బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు.

మళ్లీ కోసింది. వాళ్ల వెనక... మూడో మనిషి.

తిరిగి చూడ్డానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. మెడ మీద వెచ్చటి ఊపిరి...

"కొయ్యి... కొయ్యవే..."

ఆఖరి బిళ్ల. తలుపు బార్లా తెరిచి ఉంది. గదిలో మాత్రం ఒకామె ఉండిపోయింది. ఎర్ర స్వెట్టరు. వెర్నా వేసుకున్నదీ ఎర్ర స్వెట్టరే.

పైన తలుపు కిర్రుమంది. చలిగాలి దిగింది. మార్లిస్ ఆ బిళ్లను పిడికిట్లో నలిపేసి, పక్కనున్న మణికట్టు దొరకబుచ్చుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కి పరుగెత్తింది. కారులో పడ్డాకగానీ ఊపిరాడలేదు.

"బయటపడ్డాం కదే!"

వెర్నా నవ్వింది. తన మణికట్టు వంకే చూసుకుంటోంది.

మార్లిస్ పట్టుకున్నచోట, మెత్తటి మట్టి మీద పడ్డట్టు, వేళ్ల గుంటలు పడ్డాయి. లోతుగా, వేలిముద్రల గీతలతో సహా.

అవి పూడటం లేదు...