లామా ఇంటి అటక మీద నీలి వెలుగు

భూకంపంలో ముసలి లామా భార్య దూలం కింద పడి చచ్చిపోయినప్పటి నుంచి ఆ ఇంటికి పేరు చెడింది. మా నేపాలు కొండల్లో పాడుబడ్డ ఇళ్ళకి కొదవ లేదు. కానీ పొద్దుగూకాక ఆ ఇంటి పక్కన నడిచే మొనగాడు మాత్రం లేడు. అటక మీద నీలి వెలుగు కనిపిస్తుందట... ఎవరో అంకెలు గొణుగుతారట. దగ్గరికెళ్ళి చూసినవాడు ఒక్కడూ లేడు లెండి.

కంచరగాడిదలు తోలే ఫుర్బా ఒక్కడే చూశాడు. వాడు నాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

వానలు అప్పుడే మొదలయ్యాయి. తప్పిపోయిన కంచరగాడిదని వెతుక్కుంటూ ఆ ఇంటి దాకా వచ్చేసరికి చీకటి పడింది. దాని మెడలో గంట వినబడుతుందేమోనని ఆగాడు. గంట లేదు. టిక్... టిక్... అని చప్పుడు, వెనకే గొణుగుడు.

"ఎనభై అయిదు ముందు... ఇరవై ఏడు తర్వాత..."

తలెత్తి చూశాడు. అటక కిటికీలో — మొండెం లేని ముఖం. నీలంగా.

మంత్రం నోటికి రాక వాడు కేక పెట్టబోయాడు.

"అరవకు ఫుర్బా అన్నా... నేనే, సానుమాయని."

మా పైపల్లె పిల్లే! పట్నంలో కొండల, ఊళ్ళ పటాలు గీయడం నేర్చుకొచ్చింది. వంతెన దాటుతుంటే లాప్‌టాప్ ఏట్లో పడిపోయింది. కంప్యూటర్లో నడవాల్సిన పటాల ప్రోగ్రామ్‌ని పగిలిన ఫోన్లోకి ఎక్కించుకుంది. దాంట్లో నొక్కడానికి బొమ్మలుండవు, ఒక్కో ఆజ్ఞా అక్షరం అక్షరం కొట్టాలి. చుక్క తప్పితే మళ్ళీ మొదటికే. కొండల ఎత్తులు ఫోన్లోకి దిగాలంటే సిగ్నల్ కావాలి, అది ఆ అటక మీదే దొరుకుతుంది. పగలంతా పొలం పని, అందుకే రాత్రిళ్ళు ఎక్కేది.

ఫోన్ చూపించింది. కింది పల్లె మీద ఎర్రటి మరక.

"పైన నేల నెర్రెలిచ్చిందన్నా. ఈ వానలకి జారితే కింది పల్లె మిగలదు. ఇదిగో, మీ అక్క ఇల్లు."

"మన వార్డు అధ్యక్షుడికి చూపించలేదా?"

"చూపించా..." అని తల దించుకుంది.

మొదటిసారి తొందరలో ఊరి అక్షాంశం, రేఖాంశం అంకెలు తిరగేసి కొట్టింది. పటమంతా నీలం, ఉత్త సముద్రం! "మన పల్లె సముద్రంలో ఉందటర్రా, పడవలు కొనుక్కోండి!" అని వార్డు అధ్యక్షుడు పగలబడి నవ్వాడు. దిద్దిన పటం మళ్ళీ ఎవడూ చూడలేదు.

ఫుర్బా ఆ నీలి వెలుగు కేసి చూశాడు.

"నీ మాట వినరు చెల్లీ... దెయ్యం మాటైతే వింటారు."

తెల్లారగానే కింది పల్లెకి పరుగెత్తాడు. లామా భార్య కనబడిందనీ, పల్లెని మింగేస్తానందనీ గుండెలు బాదుకున్నాడు. మధ్యాహ్నానికి పల్లె ఖాళీ. అందరికంటే ముందు అధ్యక్షుడే, టీవీ నెత్తిన పెట్టుకుని.

ఆ వారంలోనే కొండ జారింది. ఇళ్ళు పోయాయి, మనుషులు మిగిలారు.

ఫుర్బా అప్పుడు నిజం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. "ఫోనుకి అంత తెలివెక్కడిదిరా?" అన్నాడు అధ్యక్షుడు. మా జనానికి బుద్ధి చెప్పాలంటే ముందు చచ్చి ఉండాలి కాబోలు! ఇప్పుడా ఇంటికి పూజలు. కోడిని కోసి, గుమ్మానికి పట్టు కండువా కట్టి, తలుపుకి తాళం వేశారు. దెయ్యానికి మనుషుల అలికిడి గిట్టదట. తాళంచెవి అధ్యక్షుడి దగ్గరే ఉంది.

సానుమాయ ఇంకో పటం మొదలుపెట్టింది — మా పైపల్లెది. సగంలో ఆగిపోయింది.

"మన వెనక కొండ కూడా నెర్రెలిచ్చిందా పిల్లా?" అని అడిగాను.

"అటకెక్కితే గానీ తెలీదు పెద్దమ్మా."

సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. ఇందాక మా ఇంటి వెనక ఏదో చిట్లిన చప్పుడు... మీకూ వినబడిందా?