తెల్లారేదాకా బంద్

నెట్ డబ్బాను గోడకు తగిలించీ తగిలించకముందే జమున అడిగేసింది.

"ఇది కాలుతదా?"

బయట జోరున వాన. నెట్ పెట్టడానికి వచ్చిన భూపాల్ రెయిన్‌కోటు నుంచి కారిన నీళ్లు గడప దగ్గర మడుగు కట్టాయి. పళ్ల మధ్య పట్టుకున్న స్క్రూడ్రైవర్ తీసి, "కాలది ఆంటీ," అన్నాడు.

"రాత్రి బంద్ చెయ్యాలెనా, వద్దా?"

"అవసరం లేదు. ఉరుములు మెరుపులు వచ్చిన్నాడు ప్లగ్గు తీయుండ్రి. మిగతా రోజులు దాని మానాన అదే నడుస్తది."

"కాలదని కాయితం మీద రాసిస్తవా?"

భూపాల్ బిత్తరపోయాడు. లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. ఆ వెనకే జమున కూతురు సంధ్యారాణి ఫోను పట్టుకుని వచ్చింది. ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. ఈ నెట్ ఆమె కోసమే.

"మా అమ్మ గంతే. గ్యాస్ బంద్ చేసినంక గూడ మూడుసార్లు ముట్టి చూస్తది. పాస్‌వర్డ్ ఏందన్నా?"

"చెప్త. కని అన్న అనకుండ్రి."

"మరి ఏమనాలె?"

"భూపాల్ అనుండ్రి. చాలు."

సంధ్య చూపు దించుకుంది. జమున దించలేదు. ఈ గోదావరిఖని బొగ్గు గనిలోనే భర్త బుచ్చన్న పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఆమె చూపు ఏ మంచి సంగతి మీదా నిలబడదు. దాని వెనక ఏ చెడు నక్కి ఉందోనని వెతుకుతుంది.

ఆ రాత్రి పది కాగానే జమున ప్లగ్గు పీకేసింది. తర్వాత ఏ రాత్రీ తప్పలేదు.

నాలుగో రోజు భూపాల్ మళ్లీ వచ్చాడు. "మీ లైన్ పదింటికి సస్తంది, అయిదింటికి లేస్తంది. నా ఫోన్ల ఎర్రగ చూపెడ్తంది. ఖరాబైందేమోనని వచ్చిన."

"ఖరాబు గాలె. నేనే తీస్తున్న," అంది జమున.

"గట్లనా. అయినా ఒకసారి చూసిపోత."

చూడటానికేమీ లేదు. అరగంట చూశాడు.

"డబ్బా ఈ దిక్కున్నది. మీరు ఆ దిక్కు చూస్తున్నరు," అంది సంధ్య, చాయ్ అందిస్తూ.

"సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తదో చూడాలె గదా."

ఆ వానాకాలంలో ఆ లైను ఆరుసార్లు "ఖరాబైంది". జమునకు తెలియక కాదు. పిల్లవాడు మంచివాడు. పైకి కసిరినా చాయ్‌లో రెండు చెంచాల చక్కెర ఎక్కువే వేసేది. నిచ్చెనల మీద పని కాబట్టి జారిపడతాడని మాత్రం భయపడేది. అంతకంటే పెద్ద భయం తన గడపలోకే వస్తుందని ఆమె అనుకోలేదు.

దసరా ముందు భూపాల్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. గనిలో పనిచేసే వాళ్ల నాయన సదయ్యను డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అన్నారు. తండ్రి నౌకరి కొడుక్కి వచ్చింది.

ఆ ఊళ్లో అంతకంటే పెద్ద సంబరం ఉండదు. ఆ వారంలోనే ముగ్గురు తల్లులు తమ బిడ్డలను ఇస్తామని సదయ్య ఇంటికి కబురు పెట్టారు. జమున మాత్రం మిఠాయి డబ్బా మూత కూడా తీయలేదు.

"గనిలకు దిగెటోనికి నా పిల్లనియ్య."

"నేనింక అడుగనేలేదు ఆంటీ."

"అడుగుతవని ఎరుకే. అందుకే ముందుగల్లనే చెప్తున్న."

భూపాల్ చేతుల వంక చూసుకున్నాడు. "నాయిన ఊపిరంతా గా గనిలనే పాయె. ఇంట్ల ఇంకెవ్వలు లేరు. వద్దనలేను ఆంటీ."

సంధ్య ఆ డబ్బా తీసుకుని లోపలికి పోయింది. అదే జమునకు మరీ భయమైంది. ఆ రోజు నుంచి ఆ లైను ఖరాబు కాలేదు. భూపాల్ గనిలో చేరాడు.

దీపావళి దాటాక ఒక రాత్రి జమునకు మెలకువ వచ్చింది. పదకొండున్నర. పక్క మంచం ఖాళీ. తలుపు దగ్గరికి వేసి ఉంది. బయటికి పరుగెత్తింది.

ఉరుము లేని ముసురు. సందు చివర నీళ్ల ట్యాంకు కింద సంధ్య నిలబడి ఉంది. ఒక చేతిలో గొడుగు, పైకెత్తిన రెండో చేతిలో ఫోను.

"ఏం చేస్తున్నవే ఇక్కడ?"

"రెండో షిఫ్టు పదకొండుకు ఇడుస్తరు. పైకొచ్చినంక ఒక్క ముక్క పెడ్తడు. ఇంట్ల నువ్వు బంద్ చేస్తివి. మన గోడలకు టవర్ అందది. ఈడ ఒక్క గీత వస్తది."

"ఎన్ని రోజుల సంది?"

"రెండో షిఫ్టు పడ్డ ప్రతిసారి."

చలిలో, చీకట్లో, పాములు తిరిగే చోట. జమున తిట్టబోయి, ట్యాంకు గట్టు మీద కూలబడింది.

"కాలుతదని కాదు బిడ్డా నేను బంద్ చేసేది."

సంధ్య గొడుగు తల్లి మీదికి జరిపింది.

"మీ నాయన పోయిన్నాడు, మనం క్వార్టర్ల ఉన్నప్పుడు, ఫోన్ ఒంటిగంటకు వచ్చింది. నువ్వు హాస్టల్ల ఉంటివి. ఎత్తిన. ఎత్తకపోతే, నా మట్టుకు, తెల్లారేదాకా బతికే ఉండెటోడు గదా. పొద్దున తింటడని రొట్టెల పిండి గూడ తీసిపెట్టిన. ఎత్తి నేనే ఆ కొన్ని గంటలు పోగొట్టుకున్న." ముక్కు చీదుకుంది. "బంద్ చేస్తే తెల్లారేదాకా అందరు మంచిగుంటరు."

ముసురు గొడుగు మీద చప్పుడు చేస్తూనే ఉంది.

"నువ్వు బంద్ చేస్తే నీకు తెల్లారేదాకా బతికుంటరు," అంది సంధ్య మెల్లగా. "నాకైతే భూపాల్ తెల్లారేదాకా పైకి రానట్టేనమ్మా."

జమున లేచి కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని ప్లగ్గు పెట్టింది. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి పచ్చగా మారింది. ఇద్దరూ దాని కింద నేల మీద కూర్చున్నారు.

ఏమీ రాలేదు. పావు తక్కువ పన్నెండు. పన్నెండు.

"ఎన్నడన్న ఇంత ఆలస్యమైందా?"

"కాలె."

అంబులెన్సు కూత వినిపిస్తుందేమోనని జమున చెవులు రిక్కించింది. మనసులో అప్పుడే సదయ్య ఇంటి ముందు జనం పోగయ్యారు. పిల్లనివ్వనని అన్న తన మాటే ఆ పిల్లవాడికి తగిలిందనుకుంది. కూతురి చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు ఒత్తుకున్నాయి.

పన్నెండుంపావుకు ఫోనులో మెసేజ్ వచ్చింది.

"పైకొచ్చిన. చార్జింగ్ అయిపోయిండె."

సంధ్య మోకాళ్లలో తల పెట్టుకుంది. జమున ఫోను లాక్కుని కాల్ నొక్కింది.

"సంధ్యా?"

"నేను."

"ఆంటీ."

"ఆదివారం మీ నాయనను తోల్కరా."

"ఆంటీ, నౌకరి ఇడువుమంటే నాతోని—"

"ఇడువుమన్లె. భయం లేకుంట ఇచ్చుడు నాతోని కాదు. భయపడుకుంటనే ఇస్త. పైకొచ్చినప్పుడల్ల ముందుగల్ల నాకు పెట్టు. దానికి తర్వాత."

"సరే అత్తమ్మా," అన్నాడు.

ఫోను పెట్టేశాక జమున ఏడ్చింది. ఒంటిగంటకు ఎత్తిన ఆ పాత ఫోనుకు నాలుగేళ్లుగా ఏడవనిదంతా ఏడ్చింది. సంధ్య వీపు నిమురుతూ కూర్చుంది. ఆ తర్వాత లేచి ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"ఇగ బంద్ చెయ్యనా? పైకొచ్చె గదా."

జమున ఆ పచ్చ లైటు వంక చూసింది.

"ఉండనియ్యి. రేపు మళ్ల దిగుతడు."