గొడుగబ్బాయి లెక్క

టైలరు షాపు కిటికీకి ఎదురుగా, మైదానం అంచున, పెద్ద నల్ల గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎవరో కుర్రాడు కూర్చున్నాడు. పొద్దున షాపు తెరిచినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. ఫోను చూడడు, పేపరు చదవడు. మైదానం వైపు చూస్తాడు, గుప్పిట్లో దేన్నో బొటనవేలితో నొక్కుతాడు, మళ్ళీ చూస్తాడు.

ఊళ్ళో తనకు తెలియని సంగతి ఒకటుందంటే టైలరమ్మాయికి చేతిలో పని సాగదు. అప్పటికే ఒక చొక్కాకు ఎడమ చెయ్యి కుడివైపు పెట్టి కుట్టేసింది.

"అమ్మా, అతను ఏం నొక్కుతున్నాడంటావ్?"

"నీ పీక నొక్కట్లేదుగా. చొక్కా చూసుకో," అంది కాజాలు కుడుతున్న వాళ్ళమ్మ, తలెత్తకుండానే.

చొక్కా చూసుకునే రకమైతే ఇంత కథ ఎందుకు? చెప్పులేసుకుని తిన్నగా కుర్చీ దగ్గరికే వెళ్ళింది.

"మీ గొడుగు కుట్లు ఊడిపోతున్నాయండీ."

"థాంక్సండీ. కొంచెం పక్కకు జరుగుతారా? మైదానం కనబడట్లేదు."

"మైదానంలో ఏముందని?"

"అది చెప్పకూడదండీ."

"ఎందుకు?"

"ఎందుకో కూడా చెప్పకూడదు."

టైలరమ్మాయి పక్కకు జరిగింది గానీ వెళ్ళలేదు. చేతులు కట్టుకుని అతని బొటనవేలి మీదే కన్నేసింది. పాలావిడ మైదానం దాటింది. టిక్. ఆవిడ వెనకే కుక్క వెళ్ళింది. నొక్కలేదు. పక్కింటి పిన్ని మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. టిక్, టిక్.

"మనుషుల్ని లెక్కపెడుతున్నారు!"

"అబ్బా, గట్టిగా అనకండి! తెలిస్తే జనం కావాలని తిరుగుతారు. లెక్క పాడైపోతుంది."

"ఎవరి కోసం ఈ లెక్క?"

అతను బుర్ర గోక్కున్నాడు. అబద్ధం చెప్పడం అలవాటు లేని ముఖం అది, ఆ సంగతి ఆమెకు అప్పుడే అర్థమైంది. "కంపెనీ కోసమండీ," అన్నాడు.

ఏ కంపెనీయో అడగాల్సిన పని లేదు. ఊరి మధ్యనున్న ఆ పచ్చటి మైదానంలో అపార్ట్‌మెంట్లు కడతామని కొన్నాళ్ళుగా వెంటపడుతున్న కంపెనీ ఒక్కటే. ఊరంతా వద్దంటోంది. మైదానంలో అడుగుపెట్టే నాథుడే లేడు, ఉత్తినే పడున్న జాగా అని కంపెనీ వాదిస్తోంది. ఆ మాటకు సాక్ష్యంగా లెక్క కావాలని అడిగింది, మీటింగు పెట్టి తేలుస్తానన్న, ఇళ్ళకు పర్మిషన్లిచ్చే ఆఫీసరమ్మే. అందుకే దిగాడు ఈ గొడుగబ్బాయి.

టైలరమ్మాయి గబగబా షాపుకి తిరిగొచ్చింది. మైదానం పోతే ఆమె షాపు గుమ్మానికి ఎదురుగా గోడ లేస్తుంది. గుడ్డ చంకలో పెట్టుకుని గడ్డి మీదుగా నడిచొచ్చే ఆడవాళ్ళందరూ లారీల రోడ్డు చుట్టి రావాలి. ఎవరొస్తారు అంత దూరం? అదొక్కటే కాదు. ఆమె స్కూటరు నేర్చుకున్నది అక్కడే, నేర్చుకుంటూ డ్రిల్లు మాస్టారిని గుద్దేసిందీ అక్కడే. పనైపోయాక ఆ గడ్డిలో చెప్పుల్లేకుండా నడవకపోతే ఆమెకు రోజు గడిచినట్టే ఉండదు.

అలమరలో ఇస్త్రీ చేసి వేలాడదీసిన బట్టలున్నాయి. అన్నీ కస్టమర్లవి. టైలరమ్మాయి వాటి వైపు చూసింది.

"వద్దే!" అంది వాళ్ళమ్మ. ఈసారి తలెత్తింది.

అప్పటికే ఆలస్యమైంది. ఆ రోజు నుంచి మైదానం మీద కొత్త కొత్త మనుషులు కనబడసాగారు. పూల గౌను వేసుకుని టోపీ పెట్టుకున్న దొరసాని ఒకావిడ అటు వెళ్ళింది. నల్ల కళ్ళజోడు మేడమ్ ఇటు వచ్చింది. డ్రిల్లు మాస్టారి పొడుగు కోటులో ఎవరో పెద్దమనిషి దగ్గుకుంటూ దాటాడు. ఎదురొచ్చిన డ్రిల్లు మాస్టారు ఆ కోటును చూసి ఆగిపోయి, తన ఒంటి మీద ఏముందో ఒకసారి తడిమి చూసుకున్నారు.

గొడుగబ్బాయి మాత్రం బుద్ధిగా మైదానం చూస్తూనే ఉన్నాడు. పిచ్చి మారాజు, ఏమీ కనిపెట్టలేదు అనుకుంది టైలరమ్మాయి. అనుకున్నందుకు కొంచెం బాధ కూడా పడింది. అలాంటి ముఖాన్ని మోసం చేయడం అంత హాయిగా లేదు.

ఒక సాయంత్రం ఆమె మాస్టారి కోటులో మైదానం మధ్యలో ఉండగా వాన దంచి కొట్టింది. కోటు తడిస్తే మాస్టారు ప్రాణం తీస్తారు. గత్యంతరం లేక గొడుగు కిందికి దూరింది, టోపీ ముక్కు దాకా లాక్కుని.

"రండి సార్," అన్నాడతను, కుర్చీలోంచి లేచి చోటిస్తూ.

ఊడిన కుట్లలోంచి నీళ్ళు సరిగ్గా ఇద్దరి మధ్యా కారుతున్నాయి. తడవకూడదంటే దగ్గరగా జరగాలి. జరిగారు.

"ఈ ఊళ్ళో గొడుగులు కుట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?"

"ఆ కిటికీ షాపులో అమ్మాయి కుడుతుంది," అంది ఆమె గొంతు బొంగురు చేసి.

"మనిషి ఎలాంటిదండీ?"

"చాలా మంచిది. పనిమంతురాలు. చూడ్డానికి కూడా బావుంటుంది."

"అవునా? నేనొకసారి చూశానే. నాకంత అనిపించలేదు."

టోపీ కింద టైలరమ్మాయి ముఖం కందగడ్డైపోయింది. "మీ కళ్ళకు అద్దాలు కావాలేమో!" అని వానలోనే విసవిసా వెళ్ళిపోయింది. కోటు తడిసి ముద్దయింది. ఆ రాత్రి అన్నం తింటూ, "నాకంత అనిపించలేదట!" అని వాళ్ళమ్మతో అంటూనే ఉంది. వాళ్ళమ్మ కూతురి ముఖం ఒకసారి తేరిపార చూసింది.

మీటింగు స్కూలు హాల్లో పెట్టారు. ఊరంతా వచ్చింది. గొడుగబ్బాయి తెచ్చిన లెక్కలో మైదానం దాటేవాళ్ళు కంపెనీ అనుకున్నదానికంటే చాలా ఎక్కువున్నారు. జనం చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా నవ్వుతూ నిలబడ్డాడు కంపెనీ మేనేజరు. తర్వాత, వేరే మనిషితో చాటుగా తీయించిన ఫోటోలు గోడ మీద వేసి చూపించాడు. పూల గౌను. నల్ల కళ్ళజోడు. పొడుగు కోటు.

"మేడమ్, ఈ జనమంతా ఒక్క మనిషే. అదిగో, ఆ టైలరు! ఈ లెక్క చెల్లదు."

"ఆ కోటు నాది!" అని అరిచారు డ్రిల్లు మాస్టారు.

హాలంతా గొల్లుమంది. టైలరమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. తన అతితెలివి వల్ల ఊరికి మైదానం లేకుండా పోతోంది. పిన్ని తన వైపు చూడకుండా ముఖం తిప్పుకుంది. అది తట్టుకోవడం కష్టమైంది.

"నిజమేనా అమ్మా?" అడిగింది ఆఫీసరమ్మ.

"నిజమేనండీ." టైలరమ్మాయి లేచి నిలబడింది. "తప్పు నాది. ఊరివాళ్ళకు ఏమీ తెలీదు. వాళ్ళను శిక్షించకండి."

వెనక బెంచీలోంచి గొడుగబ్బాయి లేచాడు.

"మేడమ్, లెక్కలో ఆవిడ రోజుకి ఒక్కసారే ఉన్నారు. ఎన్ని వేషాలేసినా ఒక్కసారే నొక్కాను. మిగతావాళ్ళంతా ఎవరి పనికి వాళ్ళు వచ్చినవాళ్ళే."

టైలరమ్మాయి నోరు తెరిచి అతన్నే చూస్తోంది.

"అన్ని వేషాల్లో ఎలా గుర్తుపట్టారు?" అంది ఆఫీసరమ్మ. ఆమెకూ ఆసక్తి పుట్టింది.

అతను నీళ్ళు నమిలాడు. "అంటే... అందరూ ఎదురొచ్చినవాళ్ళ ముఖం చూస్తారండీ. ఈవిడ వాళ్ళ బట్టల కుట్లు చూస్తారు. ఇంకా..."

"ఇంకా?"

"నా కుర్చీ దాటాక, వెనక్కి తిరిగి ఒకసారి చూస్తారు. ఏ బట్టల్లో ఉన్నా."

ఎవరో ఈల వేశారు. టైలరమ్మాయి నేల చూసింది. తను తిరిగి చూస్తోందని తనకే తెలీదు.

"విన్నారా మేడమ్!" మేనేజరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఈ కుర్రాడు ఆ అమ్మాయి మీద మనసు పడ్డాడు. వీడి లెక్క నమ్మేదెలా?"

"మనసు పడ్డమాట నిజమే సార్," అన్నాడు గొడుగబ్బాయి. చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట తడబడలేదు. "ఆవిడ కోసం లెక్క మార్చేవాణ్ణే అయితే, ఆవిడ దాటిన ప్రతిసారీ నొక్కేవాణ్ణి కదా. ఒక్కసారే నొక్కి ఊరుకున్నాను. అదెంత కష్టమో మీకేం తెలుసు?"

ఆఫీసరమ్మ నవ్వాపుకోవడానికి మంచినీళ్ళు తాగింది. ఆ మీదట లెక్క చెల్లుతుందని చెప్పింది. మైదానం ఊరివాళ్ళు వాడుకుంటున్నదేననీ, అక్కడ ఇళ్ళకు పర్మిషన్ ఇవ్వననీ తేల్చేసింది. పిన్ని పరిగెత్తుకొచ్చి టైలరమ్మాయిని వాటేసుకుంది. గుమ్మం దగ్గర మేనేజరు గొడుగబ్బాయితో, "రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు.

"అయ్యో, మా వల్ల పని పోయింది పాపం!" అంది టైలరమ్మాయి వాళ్ళమ్మ, అక్కడే అందుకుని. "ఇంకో పనికి వెళ్ళాలంటే మంచి చొక్కా ఉండాలి బాబూ. రేపు పొద్దున షాపుకి రా. మా అమ్మాయి కొలతలు తీసుకుంటుంది."

మర్నాడు కిటికీ అవతల ఎవరో కొత్తగా స్కూటరు నేర్చుకుంటూ కేకలు పెడుతున్నారు. గొడుగబ్బాయి రాగానే టైలరమ్మాయి వాళ్ళమ్మ బొత్తాలు కొనాలంటూ బజారుకు వెళ్ళింది. షాపు నిండా బొత్తాలున్న సంగతి ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

"కాళ్ళు అరిగేలా తిరిగితే, ఒక్కటేనా నా లెక్క?" అంది టైలరమ్మాయి, అతని భుజం మీద టేపు పరుస్తూ.

"మనిషి ఒక్కరే కదండీ."

"నాకంత అనిపించలేదన్నారు ఆ రోజు."

"ఆ కోటు పెద్దాయన కొంచెం పొగరుగా చెబితేనూ, ఏడిపించాలనిపించింది."

ఆమె నవ్వాపుకుని టేపు చూసింది. భుజం కొలత చూసి, చెప్పి, సుద్ద అందుకునేలోపే మర్చిపోయింది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ మర్చిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరి కొలతా ఆమె రెండోసారి తీయలేదు.

"మళ్ళీనా?" అన్నాడతను.

"మీరు కదిలారు."

"నేను కదల్లేదండీ."

టైలరమ్మాయి టేపును అక్కడే, అతని భుజం మీదే ఉంచింది.

"కదల్లేదు," అంది మెల్లగా. "మళ్ళీ కొలవాలనిపించింది. రేపు కూడా రండి, అప్పటికి మళ్ళీ మర్చిపోతానేమో."