మధ్యలో వైరు లేదు

"ఆయన్ని ఆపరేషన్ టేబుల్ మీదే చంపుతారు," అన్నాడు చీఫ్. "శత్రువుల కోడ్ విప్పగలిగిన బుర్ర మనకి అదొక్కటే."

ఏజెంట్ ముంగిస కుర్చీలోంచి లేచాడు. ఆ పేషెంటు అతని మేనమామ. తల్లి పోయాక పెంచింది ఆయనే.

"ఎలా సార్?"

"కరెంటు లైన్లో ఒక్కసారిగా హై వోల్టేజ్ సర్జ్ వదులుతారట. మానిటర్ తీగల గుండా గుండెకి."

"మానిటర్లో ఆప్టోకప్లర్ ఉంటుంది కదా!"

"అర్థమయ్యేలా చెప్పవయ్యా."

"చిన్న చిప్ సార్. ఒకపక్క బుల్లి లైటు, రెండోపక్క దాన్ని చూసే సెన్సర్. మధ్యలో వైరు ఉండదు. గుండె సిగ్నల్ వెలుతురుగా మెషీన్ వైపు దాటుతుంది. మెషీన్ వైపు కరెంటు గుండెకి దాటలేదు."

"అయితే ఆ గోడకి కన్నం వేస్తారు. కనిపెట్టు."

ముంగిస టెక్నీషియన్ వేషంలో థియేటర్లో అడుగుపెట్టాడు. మత్తు డాక్టరమ్మకు మాస్కు పైన కళ్ళే కనిపిస్తున్నాయి. కొంప ముంచడానికి అవి చాలు.

"తాళంచెవి తడిసింది," అందావిడ మెల్లగా.

"ఎండలో పెట్టాను," అన్నాడు ముంగిస. కోడ్ కలిసింది. అమ్మయ్య, మన మనిషే!

"స్క్రీన్ మీద గీత వణుకుతోంది. కాస్త చూడరూ?"

ముంగిస మూత విప్పాడు. బెంచి మీద రేడియోలకు చేసే అలవాటు చొప్పున, పేషెంటు వైపు గ్రౌండు తీగనూ మెషీన్ వైపు గ్రౌండు తీగనూ వైరుముక్కతో కలిపేశాడు. గీత కుదుటపడింది. ఆవిడ కన్ను గీటింది.

అతనికి మాత్రం కాలు నిలవలేదు. ప్లగ్గులు చూశాడు, తీగలు తడిమాడు, మళ్ళీ ప్లగ్గులే చూశాడు.

"ఏంటయ్యా, కాలుగాలిన పిల్లిలా!" విసుక్కున్నాడు సర్జన్.

అప్పుడే మత్తు డాక్టరమ్మ పేషెంటు మీంచి చెయ్యి తీసి వెనక్కి జరిగింది. మత్తిచ్చినవాళ్ళు ఆ చెయ్యి ఊరికే తియ్యరు. ఎందుకు తీసింది?

ముంగిసకు అప్పుడు వెలిగింది. వైరు ఉండకూడని చోట వైరు పెట్టి కన్నం వేసింది తనే! ఆవిడ అడగడం, తను ఎగబడి వెయ్యడం!

పెన్నులోని కట్టర్ లాగి, వైరు కోసి, ఎగిరి పక్కకు పడ్డాడు.

ఠప్! మానిటర్లోంచి పొగ. దీపాలు ఆరి, బ్యాటరీ లైటు వెలిగింది. సర్జన్ వంగి, మేనమామ మెడ మీద వేళ్ళు పెట్టాడు.

"కొట్టుకుంటోంది."

తలుపు దగ్గర స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరు 'నర్సులు', చీఫ్ పంపిన మనుషులే, డబుల్ ఏజెంట్ డాక్టరమ్మ చేతులకు బేడీలు వేశారు. చిప్‌లో మెషీన్ వైపు సగం మాడిపోయింది. మేనమామ వైపు సగం చెక్కుచెదరలేదు.

తెలివొచ్చాక మేనమామ మొత్తం విన్నాడు. చాలాసేపు మేనల్లుడి చెయ్యి వదల్లేదు.

"ఒరేయ్, మా ఇంట్లో ఫ్యాను చూస్తానన్నావు కదా?"

"రేపే చూస్తా మామయ్యా."

"వద్దులేరా. చెమట పడితే తుడుచుకుంటాను."