కొక్కొరాయుడి మూడో ప్రశ్న

అమావాస్య! తెల్లవారితే ఉగాది అనగా వచ్చిన అమావాస్య... దానికి తోడు సూర్యగ్రహణం!

సాయంత్రం అయిదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. అప్పుడే ఇబ్రహీంపట్నం మీద ఒక మసక తెర దిగింది. పడమట సూర్యబింబం అంచు నల్లగా తరిగిపోతోంది. వాన చుక్క లేదు... ఒట్టి ఉరుములు! మంచాల ఊరికి పోయే దారిలో, రాళ్లు పాతి రంగుజెండాలు కట్టిన ప్లాట్ల వెనక, మూతబడ్డ కంకర క్వారీ గుంతలో పట్టపగలే గుడ్లగూబ కూసింది. ఒకసారి... రెండుసార్లు...

గుడ్లగూబ కూసింది గానీ కోడి కూయలేదు. గమనించారా? చుట్టూ ఇన్ని ఊళ్లుండగా ఎక్కడా ఒక్క పుంజు గొంతు లేదు! ఎందుకు లేదో చెబుతాను, తొందరపడకండి.

గుంత నడుమ పసుపు, కుంకుమ, బొగ్గుపొడితో వేసిన భీకరమైన ముగ్గు. ముగ్గు మధ్య కపాలం... ఆ కపాలపు కంటి గుంటల్లో ఆముదపు దీపాలు. దాని ఎదుట, ఒంటినిండా చితాభస్మం పూసుకుని, కళ్లలో నిప్పులు కురిపిస్తూ కూర్చున్నవాడు బుగ్గయ్య! బాణామతిలో చేయి తిరిగిన క్షుద్రోపాసకుడు. చూడబోతే మనిషి వక్కపలుకంత, ఆశ మాత్రం ఆకాశమంత.

హైదరాబాదు ఒళ్లు విరుచుకుని పెరుగుతున్న కాలమది. సాగర్ రోడ్డు పొడవునా జేసీబీలు నేలను తిరగేస్తున్నాయి. కిందటి ఎండాకాలం ఈ గుంతను ఆనుకున్న అరెకరంలో ఒక జేసీబీ పంటికి పాతకాలపు రాతిపలక తగిలింది. పలక మీద పడగ విప్పిన సర్పం! దాని కింద నిధి ఉందని ప్లాట్ల దళారి మల్లేశయ్య వెళ్లి బుగ్గయ్య చెవిలో వేశాడు. నిధిని కాచే శక్తి పసిప్రాణం కోరుతుందని బుగ్గయ్య మల్లేశయ్య చెవిలో వేశాడు. దొంగకు దొంగే తోడు... థూ!

ఆ పసిప్రాణం ముగ్గు అంచున కూర్చుని ఉంది. ఆరేళ్ల మనోజ్ఞ. అరవదు, ఏడవదు. ఎనిమిది నెలలుగా ఆ పిల్ల నోట ఒక్క మాట లేదు. ఒళ్లో మాత్రం ఒక గుడ్డబొమ్మను గట్టిగా హత్తుకుని ఉంది. ఎర్రటి జుట్టు, పసుపుపచ్చని ముక్కు, నల్ల గుండీల కళ్లు. కోడిపుంజు బొమ్మ!

ఆ బొమ్మను ఎరగని బడిపిల్ల ఆ చుట్టుపక్కల లేదు. మధ్యాహ్నం పూట టీవీలో వచ్చే పాఠాల కార్యక్రమంలో పిల్లల్ని ప్రశ్నలడిగే కొక్కొరాయుడు అదే. రోజుకు మూడు ప్రశ్నలు. అడిగిన ప్రతిసారీ మెడ ఒక పక్కకు వాల్చి, "చెబితే శభాష్... చెప్పకపోతే పొడుస్తా!" అనేవాడు. మొదటి రెండు ప్రశ్నలూ రోజూ మారేవి. మూడోది మాత్రం ఎన్నడూ మారలేదు. "మరి తెల్లారాలంటే?" అని అడిగి ముక్కు తెరుచుకుని ఊరుకునేవాడు. తాను కూసేవాడు కాదు! టీవీల ముందు కూర్చున్న పిల్లలే గొంతెత్తి "కొక్కొరొకో!" అని కూయాలి. అప్పుడు గాని తెర మీద సూర్యుడు వచ్చేవాడు కాదు.

ఆ బొమ్మలోని చేయి, ఆ గొంతు సిద్దయ్యవి. తాతముత్తాతల నుంచీ తోలుబొమ్మలాడించిన వంశం. ఆట చూసేవాళ్లు కరువై, టీవీ వాళ్లు పిలిస్తే పోయి ఈ గుడ్డకోడిని ఆడించాడు. కార్యక్రమం ఆగిపోయాక బొమ్మను ఇంటికి తెచ్చి కూతురు మనోజ్ఞ చేతిలో పెట్టాడు. ఆ రాతిపలక బయటపడిన అరెకరం కూడా సిద్దయ్యదే. "నా భూమిల నరబలా? నా పానం పోయినా తవ్వనియ్య!" అని బుగ్గయ్య మొహాన్నే అన్నాడు. వాడి వెనక మల్లేశయ్య ఉన్నాడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అన్నంత పనీ అయింది. ఆషాఢ అమావాస్య నాడు గడపలో సూదులు గుచ్చిన నిమ్మకాయ... మూడో రోజుకు రక్తపు వాంతులు! మంచంలో పడి ఉండి కూడా, బెదిరిపోయిన కూతుర్ని నవ్వించాలని ఆ తండ్రి బొమ్మలో చేయి దూర్చాడు. ఒకటో ప్రశ్న అడిగాడు. రెండోది అడిగాడు. బొమ్మ మెడ వాలింది... మూడో ప్రశ్న రానేలేదు. ఆ క్షణం నుంచే మనోజ్ఞకు మాట పోయింది.

ఇక్కడొక కట్టుబాటు చెప్పాలి. ఆడించేవాడు ఏ బొమ్మ తొడుక్కుని చనిపోతాడో, ఆ బొమ్మకు పన్నెండో రోజున పసుపు పూసి, మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో వదలాలి. అంతవరకూ ఎవరూ దానిలో చేయి పెట్టకూడదు. పెడితే పోయినవాడి చేయి వచ్చి కలుస్తుందని ఆ వంశంలో అందరికీ భయం. సిద్దయ్య భార్య భూలక్ష్మికీ తెలుసు. కానీ పిల్ల దాన్ని వదిలితేనా? నీళ్లలో వేస్తే బిడ్డ కూడా దక్కదేమోనని ఆ తల్లి రేపు, మాపు అంటూ ఎనిమిది నెలలు దాటేసింది.

సరిగ్గా ఆ అయిదు గంటలకు భూలక్ష్మి ఇంటి ముందు పక్కింటి స్టెల్లా ఆటో దిగింది. ఇబ్రహీంపట్నంలోని చిన్న దవాఖానలో నర్సు. ఆటో ఆమె భర్త జాకబ్‌ది.

"అక్కా, మనోజ్ఞ యేడుంది?"

"మల్లేశన్న దవాఖానకు తీస్కపోయిండు గదా! మాటలు రప్పించే డాక్టరు ఒచ్చిండట, మీ తానకే..."

"ఏ డాక్టరు? నేను పొద్దుగాలసంది ఆడనే ఉన్న, గట్లాంటోడు ఎవ్వరు రాలే! మల్లేశయ్య బండి మంచాల తొవ్వల పోతుంటె ఇప్పుడే చూసినం. పిల్ల ముందట గూసుంది. అవ్ గదా జాకబ్?"

"అవ్ అక్కా. క్వారీ దిక్కు మలిగిండు."

భూలక్ష్మి చేతిలోని చాట జారిపోయింది. ఖాళీగా ఉన్న కోళ్ల గంప వైపు చూసింది. నిన్ననే మల్లేశయ్య పండుగ దావత్ అని చెప్పి వాడకట్టులోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఒక్క పుంజును మిగల్చకుండా కొనుక్కుపోయాడు. ఒక్కసారిగా పెనిమిటి చెప్పిన మాట చెవుల్లో గింగురుమంది... "బుగ్గిగాడు తాగి వాగిండే! గ్రహణం పట్టినంక ఇడిచేదాక కోడి కూత ఇనబడొద్దంట. ఇనబడితే వాడు పిల్చిన శక్తి వాన్నే తింటదంట!"

"ఓరి నీ పాడె గట్ట! నా మొగున్ని మింగి, నా బిడ్డను సుత మింగుతవారా?" భూలక్ష్మి గుండెలు బాదుకోలేదు. కొంగు బిగించింది. "జాకబ్, బండి తియ్యి! స్టెల్లా, నువ్వు ఠాణాకు ఉరుకు!"

ఉరుము ఉరిమింది. గుంత అంచున కాపలా ఉన్న మల్లేశయ్య ఆటోను చూసి అడ్డం వచ్చాడు. జాకబ్ వాడి అంగీ పట్టుకుని రాళ్ల మీదికి విసిరి, వాడితో కలబడ్డాడు. భూలక్ష్మి అప్పటికే గుంతలోకి దూకింది. మోకాళ్లు చిట్లాయి. ఆమె చూసుకోలేదు.

కింద బుగ్గయ్య మనోజ్ఞ ఒళ్లోని బొమ్మను లాగి కపాలం ముందు పడేశాడు. బిడ్డ ప్రాణంగా చూసుకునే వస్తువు మొదట శక్తి ముందు పడాలని ఆ తంత్రపు విధి. పడేశాక పరిశీలించి చూసి పకపకా నవ్వాడు.

"ఊర్ల కోళ్లన్ని కోసి పారేసిన! ఇగ గీ గుడ్డకోడి కూస్తదా? గీ మూగది కూస్తదా? హహ్హహ్హ!"

"బిడ్డా!" భూలక్ష్మి కేక క్వారీ గోడలకు తగిలి తిరిగి వచ్చింది.

బుగ్గయ్య గుప్పెడు భస్మం విసిరాడు. అంతే! ఆమె రెండు కాళ్లూ కొయ్యబారిపోయాయి. ముగ్గు మీద బోర్లా పడిపోయింది. వాడి పెదవుల మీద మంత్రం బుసలు కొడుతోంది. వాడి వెనక, సిద్దయ్య అరెకరంలోంచి పెకలించి తెచ్చి పరిచిన రాతిపలక కింద నుంచి ఏదో కదిలింది... పలక పగులులోంచి పొగలాంటిది లేచింది... ముఖం లేదు, కళ్లు లేవు, నోరొక్కటే ఉంది! అది బుగ్గయ్య వీపు వెనక నిలబడింది. వాడు కత్తి అందుకున్నాడు.

భూలక్ష్మికి మిగిలింది చేతులే. ఆ చేతికి అందేంత దూరంలో కొక్కొరాయుడు. 'పెట్టగూడదు...' అని వంశం కట్టుబాటు ఒక పక్క. కత్తి కింద బిడ్డ మెడ ఒక పక్క. ఏ తల్లి ఆలోచిస్తుంది?

"ఓ మనోజ్ఞ బాపూ... రా! ఈ చెయ్యి నీదే, తీస్కో!"

కుడిచేయి బొమ్మలోకి దూర్చేసింది.

ఆ చేయి మంచుగడ్డలా చల్లబడింది. లోపల మరో అయిదు వేళ్లు వచ్చి ఆమె వేళ్లలో కలిశాయి. గుడ్డకోడి తల ఎత్తింది! గుండీల కళ్లు బుగ్గయ్య వైపు తిరిగాయి. మెడ ఒక పక్కకు వాలింది. భూలక్ష్మి పెదవులు కదిలాయి గానీ వచ్చింది ఆడగొంతు కాదు... పిల్లలందరూ ఎరిగిన, ఎనిమిది నెలల కింద కాటికి పోయిన గొంతు!

"ఒకటో ప్రశ్న! సిద్దయ్యను చంపిందెవరు? చెబితే శభాష్... చెప్పకపోతే పొడుస్తా!"

బుగ్గయ్య కత్తి పట్టుకునే బొమ్మ మీదికి వంగి చూశాడు. "నువ్వు... నువ్వు సచ్చినవ్ గదరా!"

"తప్పు!"

మెత్తని గుడ్డముక్కు! దూదితో కుట్టిన ముక్కు! అది వాడి నుదుటి మీద పడగానే మేకు దిగినట్టు రక్తం చిమ్మింది. వాడు "వామ్మో!" అని అరిచాడు. ముక్కు మళ్లీ లేచింది.

"నేనే! నేనే సంపిన! మల్లేశయ్య అడిగిండు, నేను చేసిన!"

"శభాష్!" అంది బొమ్మ. "రెండో ప్రశ్న! నువ్వు పిలిచింది నీ వెనకే నిలబడింది. అది ఎవరి మాట వింటుంది?"

నెత్తుటి ముఖంతో ఉన్నా ఆ మాటకు దుర్మార్గుడికి ధైర్యం తిరిగి వచ్చింది. "నా మాటే! కోడి కూసేదాక నా మాటే ఇంటది! యేడున్నదిరా నీకు కోడి?"

"శభాష్!"

బొమ్మ వాడిని వదిలి మెల్లగా పిల్ల వైపు తిరిగింది. గొంతు మారిపోయింది. మంచంలో పడి బిడ్డను నవ్వించబోయిన తండ్రి గొంతు అది.

"మూడో ప్రశ్న... మరి తెల్లారాలంటే?"

ముక్కు తెరుచుకుని ఆగిపోయింది.

సూర్యుడు ఇంకా నల్లగానే ఉన్నాడు. బుగ్గయ్యకు అప్పుడు అర్థమైంది! ఒక్క ఉదుటున పిల్ల మీదికి దూకి జుట్టు పట్టుకున్నాడు. కత్తి పైకి లేచింది. భూలక్ష్మి కళ్లతోనే బతిమాలుతోంది... చెప్పు బిడ్డా... బాపు అడుగుతుండు, చెప్పు!

పిల్ల మూగది కాదయ్యా! ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చుంది!

"కొక్కొరొకో...!"

క్వారీ నాలుగు గోడలూ ఆ కూతను అందుకున్నాయి. ఒక కోడి కాదు, వంద కోళ్లు కూసినట్టయింది! కపాలం నిట్టనిలువునా పగిలింది. భూలక్ష్మి కాళ్లకు కదలిక వచ్చింది. ముఖం లేని ఆ నోరు బుగ్గయ్య భుజం మీదుగా వంగింది. "నేను పిల్చిన! నేనే నిన్ను పిల్చిన!" అని వాడు గావుకేకలు పెట్టాడు. దానికి అదే కావాలి, పిలిచినవాడే కావాలి. కాళ్ల నుంచి మొదలుపెట్టింది... పలక పగులులోకి నడుము దాకా... మెడ దాకా... చివరికి గోళ్లు ఊడిన చేతివేళ్లు పదీ రాతిని గీరుతూ లోపలికి జారిపోయాయి. పలక మూసుకుంది. చెరపకురా చెడేవని పెద్దలు ఊరికే అన్నారా!

స్టెల్లా పోలీసులతో వచ్చేసరికి గుంతలో తల్లీబిడ్డలు, జాకబ్ ఉన్నారు. మల్లేశయ్య మాత్రం ఎప్పుడో జారుకున్నాడు. కొండల మీద సగం సూర్యుడు ఎర్రగా ఉన్నాడు.

మరునాడు ఉగాది. భూలక్ష్మి పసుపు కలిపింది. ఎనిమిది నెలల బాకీ కర్మ చేసి బొమ్మను నీళ్లలో వదలాలని. ఆమె కుడిచేయి ఇంకా చల్లగానే ఉంది. గుడ్డకోడి ఖాళీగా, ముక్కు మూసుకుని, మామూలు బొమ్మలా అరుగు మీద పడి ఉంది.

అప్పుడే వాకిట్లోకి మల్లేశయ్య వచ్చాడు. రాత్రంతా పొదల్లో దాక్కున్న ముఖం, చేతిలో పండ్ల సంచి. పోలీసులకు చిక్కకముందే ఆమె కాళ్లు పట్టుకుని మాట మార్పిద్దామని వచ్చాడు.

"చెల్లే... నాకేం తెల్వదు చెల్లే! అంత బుగ్గయ్యే చేసిండు. నువ్వు జర నా మాట..."

అరుగు మీది నుంచి మనోజ్ఞ దిగింది. తల్లి వారించేలోపే తన చిట్టిచేయి బొమ్మలో దూర్చింది. బొమ్మ తల ఎత్తింది. మెడ ఒక పక్కకు వాలింది. పసుపు గిన్నె భూలక్ష్మి చేతిలోనే ఉండిపోయింది... ఆమె బిడ్డను ఆపలేదు. ఆపాలనిపించలేదు!

"మల్లేశం మామా, ఒకటో ప్రశ్న!" అంది పిల్ల, తన సొంత గొంతుతోనే. "మా బాపు యేడి? చెబితే శభాష్... చెప్పకపోతే పొడుస్తా!"

మల్లేశయ్య నోరు తెరిచాడు. మళ్లీ తెరిచాడు. కోసిన కోడిపుంజు గొంతులోంచి వచ్చే గురగుర తప్ప ఆ నోట ఇక ఎన్నడూ ఏదీ రాలేదు.

"తప్పు మామా," అంది మనోజ్ఞ, ఒక అడుగు ముందుకు వేసి.