క్వారీలో మెట్రో స్టేషన్

పద్మజను చంపింది శత్రువు కాదు, డిపార్ట్‌మెంట్. ఆమె కవర్ పేరును లోపలివాళ్లే అమ్ముకున్నారు. ఈ విషయంలో ఆమె భర్త, ఏజెంట్ బ్రహ్మాజీకి అనుమానం లేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

అయినా చీఫ్ పిలిస్తే వెళ్లాడు.

“మాచర్ల దగ్గర పాడుబడ్డ క్వారీలో అండర్‌గ్రౌండ్ మెట్రో స్టేషన్ కట్టారు. ప్లాట్‌ఫారం, ఎస్కలేటర్, బయట టీ కొట్టు, జిరాక్స్ షాపుతో సహా. సినిమా సెట్ అని చెప్పారు. నిజానికి విదేశీ ముఠా రిహార్సల్. రేపు జూనియర్ ఆర్టిస్టుల మీద విషవాయువు టెస్ట్ చేస్తారు. ఫలిస్తే సిటీలో వదులుతారు.”

“రెయిడ్ చెయ్యండి.”

“పోలీసును చూస్తే రిమోట్ నొక్కుతారు. అదెవరి దగ్గరుందో తెలియదు. హీరోయిన్‌గా మన ఏజెంట్ కీర్తి ఉంది. గురజాల క్వారీ మేస్త్రీ కూతురు.”

మర్నాడు బ్రహ్మాజీ అసిస్టెంట్ డైరెక్టర్ వేషంలో దిగాడు. నెత్తిన టోపీ, మెడలో విజిల్. ప్రయాణికులుగా నిలబడ్డవాళ్లంతా చుట్టుపక్కల రాళ్లు కొట్టేవాళ్లే.

“ఏందయ్యా, ఈ రైలు ఎప్పుడు కదులుద్ది?” సూట్‌కేస్ పట్టుకున్న సుబ్బరత్నం అడిగింది.

“కదలదు పిన్నీ. రంగేసిన అట్ట.”

“మరి టిక్కెట్టెందుకు చింపారురా?”

నల్లకళ్లద్దాల్లో కీర్తి పక్కకొచ్చింది.

“మిర్చి రేటు?” అన్నాడు.

“తేజా తగ్గలేదు.” కోడ్ సరిపోయింది. “టెస్ట్ సాయంత్రానికి మారింది. కంగారుపడకు.”

కానీ గేట్ల షట్టర్లు అప్పుడే కిందికి దిగుతున్నాయి. గ్యాస్ అని అరిస్తే డైలాగ్ అనుకుంటారు. బ్రహ్మాజీ విజిల్ మూడుసార్లు గట్టిగా ఊదాడు. క్వారీలో దానికి ఒకటే అర్థం. పేలుడు మందు అంటించారు, పారిపో.

“పరిగెత్తండ్రోయ్!” సుబ్బరత్నం సూట్‌కేస్ విసిరేసింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. జనమంతా ఎస్కలేటరెక్కి, షట్టర్ల కింద నుంచి దూరి బయటపడ్డారు. ముఠా గన్‌మెన్ నోళ్లు తెరిచి చూశారు.

కీర్తి కూడా నిలబడే ఉంది. మేస్త్రీ కూతురి కాళ్లు కదల్లేదు. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లోని లిప్‌స్టిక్ మీదికి పోయింది. మూత తిరగబోతుండగా బ్రహ్మాజీ ఆ మణికట్టు విరిచి పట్టాడు. లిప్‌స్టిక్ అడుగున ఎర్ర బటన్.

“ఏ క్వారీలో పుట్టావే నువ్వు?”

ఆమె నవ్వింది. “పద్మజ కూడా చివర్లో ఇలాగే చెయ్యి పట్టుకుంది.”

“అమ్మింది నువ్వన్నమాట.”

“నా వెనక ఉన్నవాళ్ల పేర్లు చెప్తా. వదిలెయ్.”

“కోర్టులో చెప్పు.”

రిమోట్ చిక్కిందని తెలియగానే, క్వారీ అంచుల్లో దాక్కున్న కమాండోలు తాళ్లతో దిగారు. బయట సుబ్బరత్నం ఆయాసపడుతూ అడిగింది. “సీను బాగా వచ్చిందా?”

“ఒక్క టేకే, పిన్నీ.”

చీఫ్ ఫోన్ చేశాడు. “నీకు మెడల్ రాస్తున్నా.”

“పిన్నికి రాయండి. పరిగెత్తింది ఆమె.”

“పద్మజ సంగతి కూడా ఒకసారి కూర్చుని...”

“మీరు కూర్చోండి. ఆ సంగతి మీతోనే కాదు, ఇక ఎవరితోనూ మాట్లాడను.”

ఫోన్ ఆపేశాడు.